ఫైల్లో లేని వరండా

మా నాన్న చిన్న కాంట్రాక్టరు. స్కూలు గదులు, ప్రహరీగోడలు, ఆ స్థాయి పనులు. ఒకసారి ఇంజనీరుగారు "ఎలాగూ మనుషులున్నారు కదా, ఆ వరండా కూడా వేసెయ్, కాయితం తర్వాత చూద్దాం" అన్నాడట. నాన్న వేసేశాడు. కాయితం రాలేదు, ఇంజనీరుకి బదిలీ అయింది. కొత్తాయన ఫైలు తిరగేసి అసలు ఇక్కడ వరండాయే లేదన్నాడు. ఆ మాట వరండాలో నిలబడే అన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పాత తీర్పు చదువుతుంటే మళ్ళీ ఆ వరండా గుర్తొచ్చింది.

1944. అంతకు ముందు ఏడాదే కరువు బెంగాల్లో లక్షలమందిని మింగింది. హుగ్లీ జిల్లా ఆరాంబాగ్‌లో పౌరసరఫరాల శాఖకి మట్టిరోడ్డు, గార్డుగది, ఆఫీసు, వంటగది, గుమాస్తాలకో గది కావాలి. అధికారి అడిగాడు, బి.కె.మండల్ అండ్ సన్స్ కట్టింది. తర్వాత ఇంకో అధికారి ఉత్తరం రాస్తే సరుకు దాచే షెడ్లు కూడా వేసింది. మొత్తం బిల్లు 19,325 రూపాయలు. శాఖ అన్నిటినీ వాడుకుంది, డబ్బు మాత్రం ఇవ్వలేదు.

సర్కారు వాదన చిత్రమైనదే గాని తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. 1935 చట్టం 175(3) సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఒప్పందం గవర్నరు పేరిట, అధికారం ఉన్నవాడి సంతకంతోనే జరగాలి. ఇక్కడ అలా జరగలేదు కాబట్టి ఒప్పందమే లేదు. నిజానికి ఆ నిబంధన మంచిదే, లేకపోతే ప్రతి అధికారీ ఖజానాని తన జేబనుకుంటాడు. మన రాజ్యాంగం 299వ అధికరణంలో ఉన్నదీ అదే.

కలకత్తా హైకోర్టులో ఓడిన రాష్ట్రం సుప్రీంకోర్టుకెళ్ళింది. ఈలోపు షెడ్లు వేయించుకున్న సామ్రాజ్యం వెళ్ళిపోయింది, బెంగాల్ రెండు ముక్కలైంది, బిల్లు మాత్రం అలాగే ఉంది. 1961 డిసెంబరులో ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ గజేంద్రగడ్కర్, అవును, ఒప్పందం లేదని ఒప్పుకున్నారు. కానీ 1872 కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా, న్యాయబద్ధంగా ఒకరికి పని చేసిపెడితే, ఆ ఫలం అనుభవించినవాడు పరిహారం ఇవ్వాలి. వద్దనుకుంటే ముందే తిప్పికొట్టే హక్కు ఎలాగూ ఉంది. వద్దనకుండా వాడుకున్నాక, కాయితం లేదని తప్పించుకోవడానికి లేదు.

పదిహేడేళ్ళు! ఎంతమంది కాంట్రాక్టర్లు అంతకాలం వడ్డీలు కట్టుకుంటూ నిలబడగలరు? పైగా ఈ సెక్షన్ కింద వచ్చేది పరిహారమే, మాట్లాడుకున్న రేటు కాదు.

నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఎన్నాళ్ళలోపు వెయ్యాలి కేసు?" అన్నాడు.

"పని అయిన దగ్గర్నుంచి మూడేళ్ళు."

వరండా వేసి అప్పటికి తొమ్మిదేళ్ళు. కాసేపు మాట్లాడలేదు.

"సిమెంటు కొట్టాయనకి మాత్రం ఆ నెల్లోనే ఇచ్చేశా" అన్నాడు.