లష్కరు ఆపత్కాలములు

హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున, ఉల్వాల పల్లె పొలిమేరలో ఆంగ్లేయ సైన్యము గుడారములు వేసికొనిన తావునకు 1806లో నిజాము సికందర్ జా పేరిట సికింద్రాబాదని నామకరణము జరిగినను, జనులు దానిని లష్కరనియే పిలిచిరి. మద్రాసు దండుతో నడచివచ్చిన అరవలును తెలుగు సిపాయిలును, వారికి సరకులమ్మ వచ్చిన మార్వాడీ, గుజరాతీ, పారసీ వర్తకులును, ముందునుండియు ఇరుగుపొరుగుననున్న దక్కనీ ఉర్దూవారును, 1874లో రైలు వచ్చిన పిమ్మట లాలాగూడ, మెట్టుగూడలలో కాపురము పెట్టిన ఆంగ్లో ఇండియనులును ఒకే బజారులో బేరములాడుచు, ఒకరి మాట నొకరు సగము గ్రహించి సగము ఊహించుకొనుచు కాలము గడిపిరి. బేరమునకు ఆ సగము చాలును. రోగము వచ్చిననాడు చాలదు.

ఈ యూరి ఆపత్కాల చరిత్రలో అందరెరిగిన కథ డోలీ మోయువానిది. 1813లో ఇచ్చటి దండునుండి ఉజ్జయినికి బదిలీయైన సురిటి అప్పయ్య, అచ్చట కలరా ప్రబలి జనులు పిట్టలవలె రాలుచుండగా, ఉపద్రవము శమించినచో తన యూర మహాకాళిని నిలిపెదనని మ్రొక్కుకొని, 1815లో మరలివచ్చి దారువిగ్రహమును ప్రతిష్ఠించెనని ఆలయ ఐతిహ్యము. కలరా దేశములపై విజృంభించుట 1817లో వంగదేశపు జెస్సోరునుండి మొదలయ్యెనని లెక్కించు వైద్యచరిత్రకారులు ఈ సంవత్సరమును ఒకింత అనుమానింతురేమో. కాని ఆ వ్యాధి మనదేశమునకు అంతకుముందే ఎరుకయే. అదియుగాక, నాకు ముఖ్యమని తోచునది సంవత్సరము కాదు, మ్రొక్కినవాని వృత్తి. దండున డోలీ మోయువాడు దొరకు నౌకరు, బస్తీకి బంధువు. రెండు లోకముల మధ్య ప్రతిదినము నడచువాడు.

తొలకరి నీరు బావులలో కలిసి కడుపు జబ్బులు పుట్టు ఆషాఢమున, గోలకొండ తరువాత లష్కరు, లష్కరు తరువాత లాల్‌దర్వాజ అను వరుసలో అమ్మవారికి నైవేద్యమైన బోనములు లేచును. కొత్తకుండకు పసుపు కుంకుమలు, వేపమండలు, లోపల అన్నము, పైన దీపము. ముందు కొరడా ఝళిపించు పోతరాజు. మరునాడు పచ్చికుండపై నిలిచి స్త్రీ భవిష్యము పలుకు రంగము. అరవవారికి మారియమ్మ, తెలుగువారికి పోచమ్మ, ఎల్లమ్మ ముందే ఇలవేల్పులు గనుక, ఈ కొలువు ఏమని ఒకరు మరియొకరికి వివరింప నవసరము లేకపోయెను. బోనమెత్తినందున కలరా పోయెనని నా వాదము కాదు. నీటిలోని క్రిమిని వేపమండ ఆపజాలదు. ఏటేట ఒక నియత దినమున బస్తీ యంతయు రోగమును తలచుకొని, ఇల్లు కడిగి, వాకిట పసుపునీరు చల్లుట మాత్రము, దండు కచేరి గోడకు అంటించిన ఏ ఇంగ్లీషు ప్రకటనయు సాధింపజాలని పని. 2020లో కరోనా వచ్చినపుడు ప్రభుత్వము బోనము మానుడని చెప్పక, ఇంటనే సమర్పించుకొనుడని కోరెను. అప్పయ్య నిలిపిన ఉజ్జయిని మహాకాళి గుడిలో పూజారులు మాత్రమే క్రతువు నడిపిరి. మహమ్మారివలన పుట్టిన జాతర మహమ్మారివలననే ఇండ్లకు పరిమితమయ్యెను. ఆ యాజ్ఞను వ్రాసినవారెవరో గాని, ఊరి మనసెరిగి వ్రాసిరి.

ఊరి మనసెరుగని ఆజ్ఞ ఏమి చేయునో 1897లో పుణె చూపినది. ప్లేగును అరికట్టుటకై సైనికులు ఇండ్లలో, వంటగదులలో, పూజగదులలో చొరబడి సోదా చేయగా, ఆ యాగ్రహమున ప్లేగు కమిషనరు రాండ్‌పై జూన్ 22న చాపేకర్ సోదరులు కాల్పులు జరిపిరి. సుమారు రెండు నెలలకు, ఆగస్టు 20న, సికింద్రాబాదులో సైనిక వైద్యుడైన రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా జీవిని కనుగొనెను. ఆ దోమలను పోషించిన రక్తము హుసేన్ ఖాన్ అను రోగిది. కాటునకు ఒక అణా చొప్పున అతనికి ముట్టెను. నేటి వైద్యనీతి ఈ బేరమును మెచ్చకపోవచ్చును, నేనును మెచ్చను; కాని అతని నడిగిరి, అతడు ఒప్పుకొనెను, కూలి పుచ్చుకొనెను. పుణె గృహస్థు నెవరును అడుగలేదు.

ఊరి నెరుగుట నేటికిని అవసరమే. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 అంబులెన్సు సేవకు కేంద్రము సికింద్రాబాదుకు ఉత్తరమున మేడ్చల్ దారిలోనున్నది. ఫోను చేయువాడు ఆపదలో ఇంటి నంబరు చెప్పడు, గుడినో దర్గానో సినిమాహాలునో చెప్పును. సంగీత్ థియేటరును కూల్చి ఏండ్లు గడచినను ఆ కూడలికి సంగీత్ అనియే పేరు. ఈ సంగతి ఫోనెత్తువానికి భాషతోపాటు తెలిసియుండవలెను.

నేటి లష్కరులో కొత్తగా వచ్చినవారు దండువారు కారు, ఉత్తరాది కూలీలు. 2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడలో తుక్కు గోదాము అంటుకొనగా, మేడపై నిద్రించుచున్న బీహారు కూలీలు 11 మంది మరణించిరి. క్రిందికి దిగు మెట్లు గోదాములోనుండియే యుండెను. ఆ మరణములకు భాష కారణమని చెప్పుట అన్యాయము, కట్టడమే కారణము. అయినను అట్టి మేడలపై నిద్రించువారికి ముందుగా హెచ్చరిక చెప్పదలచిన అధికారి, తెలుగు ప్రకటన గోడకంటించి పోక, వారిని పనికి తెచ్చిన మేస్త్రీని వెంటబెట్టుకొని, రాత్రి వారు వంటచేసికొను వేళకు మేడ యెక్కవలెను.