మజ్జిగయు గొఱ్ఱెల క్రిమిరోగమును



గొఱ్ఱెల కడుపులో పురుగులు పడినప్పుడు పులిసిన మజ్జిగ పట్టుట మన పల్లెలలో పాతవాడుక. విశాఖపట్టణపు చుట్టుపట్ల కాపరులు వెదురుగొట్టముతో దానిని త్రాగించుట నేనును చూచితిని. ఈ వాడుక యెక్కడ పుట్టినది? దీనిని నమ్మి మందను కాచుకొనవచ్చునా?

ఏనుగుల వైద్యమునకు పాలకాప్యుని పేరను, గుఱ్ఱముల వైద్యమునకు శాలిహోత్రుని పేరను గ్రంథములు వెలసినవి. గొఱ్ఱెకు కాపరి యనుభవమే శాస్త్రము. అతడు తన యింటి వైద్యమునే మందకును చేసియుండును.

చరకసంహిత సూత్రస్థానము 2వ అధ్యాయమున క్రిములను చంపు జావ యొకటి చెప్పబడినది. వాయువిడంగములు, పిప్పలిమోడి, మునగ, మిరియములు, సర్జక్షారము చేర్చి దానిని మజ్జిగతో వండవలెను. 25వ అధ్యాయమున ఏ రోగమునకు ఏ ద్రవ్యము శ్రేష్ఠమో పట్టిక కలదు. అందు గ్రహణికిని, వాపునకును, మూలవ్యాధికిని మజ్జిగ చెప్పబడినది. క్రిములకు మాత్రము వాయువిడంగములే. కాగా మజ్జిగ మందునకు తోడుగాని మందు గాదు. కాలక్రమమున మందు మఱపునబడి తోడుమాత్రము మన చేత మిగిలినదని నా యభిప్రాయము.

ఈ భేదము మఱచిన మందకే ముప్పు. హీమాంకస్ అను పురుగు గొఱ్ఱె నాల్గవ జీర్ణాశయమున జేరి రక్తము పీల్చును. ఆడుపురుగు దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. గొఱ్ఱె కనురెప్పల లోపలిభాగము పాలిపోవును. దవడ క్రింద నీరు దిగును. మజ్జిగ పట్టుచు పది దినములు గడపినచో గొఱ్ఱె దక్కకపోవచ్చును.

అట్లని క్రొత్తమందులకు లొంగని పురుగు లేదనుకొనరాదు. థయాబెండజోల్ అను మందు 1961లో వచ్చినది. 1964 నాటికే దానికి లొంగని పురుగులు కనబడినవి. తక్కువ మోతాదు, పలుమార్లు ఒకే మందు, ఇవి పురుగునకు బలమిచ్చును.

చరకుడు విమానస్థానము 7వ అధ్యాయమున క్రిమిచికిత్సను మూడు తెఱగుల జెప్పెను: క్రిములను వెడలించుట, అవి పెరుగుటకు వీలులేకుండ జేయుట, అవి కలుగు కారణమును వర్జించుట. మూడవది మనకు నేడు మిక్కిలి యవసరము. విశాఖలో 1933లో ఓడరేవు తెఱవబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. పెక్కు గ్రామముల భూములు దాని క్రిందికి పోయెను. బీడు తగ్గినకొలది మంద యొకే నేలను మరల మరల మేయవలసివచ్చును. పెంటికలతో పడిన గ్రుడ్లు తడినేలలో పొదిగి, పురుగుపిల్లలు గడ్డిమీదికి ప్రాకి, మేతతో కడుపు జేరును.

కావున వానలు పడినపిమ్మట మేతనేలను మార్చుడు. కనురెప్పలు తిప్పి చూడుడు. పెంటికలను పశువైద్యశాలలో పరీక్ష చేయించి, గొఱ్ఱె బరువునకు తగిన మందే పట్టుడు. గొట్టము పట్టునప్పుడు తల మిక్కిలి పైకెత్తరాదు; ద్రవము ఊపిరితిత్తులలోనికి పోవును. మజ్జిగ మీ కుండలో నుండనిండు; దానికి పూర్వులిచ్చిన గౌరవము చాలును. వారు దానిపై మోపని భారమును మనము మోపరాదు.