రేషను బియ్యం - మన కాళేశ్వరం దారి

"సర్కారు బియ్యం తిని జనం సోమరులైపోయినారు" అనే మాట మన పెళ్ళిళ్ళలో, దావతులలో ఎవరో ఒకరు అననే అంటారు. "పేదవాని నోటికాడి కూడు మీద మీకెందుకు కన్ను" అని ఇంకొకరు లేస్తారు. ఈ వాదం ఇప్పట్లో తెగేది కాదు. కాని ఆ బియ్యం చరిత్ర కొంచెం తెలిస్తే కోపం ఎవరి మీద పడాలో తెలుస్తుంది. ఆ చరిత్రలో మన కాళేశ్వరం కూడా ఒక మజిలీ గనుక సొసైటీ సభ్యుల ముందు ఉంచుతున్నాను.

మన తాతల కాలంలో సర్కారు గల్లా అంటే ఇచ్చేది కాదు, తీసుకుపోయేది. రెండవ ప్రపంచ యుద్ధం రోజులలో నిజాం ప్రభుత్వం రైతుల నుండి లెవీ వసూలు చేసింది. పలుకుబడి కలవాడు గింజలు దాచుకున్నాడు, చిన్న రైతు గరిసె ఊడ్చి ఇచ్చుకున్నాడు.

1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయి కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినారు. కుటుంబానికి నెలకు 25 కిలోల వరకు. అప్పుడు కాళేశ్వరం కరీంనగర్ జిల్లాలో ఉండేది (2016 అక్టోబరు 11 నుండి భూపాలపల్లి జిల్లా). తరువాత ధర పెరిగింది, 1996లో మూడున్నర అయింది, 2008లో మళ్ళీ రెండుకు దిగింది, 2011లో రూపాయి అయింది. ధరతో పాటు కార్డులూ పెరిగినాయి. ఎంతగా అంటే ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న ఇళ్ళ కంటే కార్డులే ఎక్కువని లెక్క తేలింది. ట్రాక్టరు ఉన్నవాడు, కారు ఉన్నవాడు తెల్లకార్డు పెట్టుకున్న మాట నిజమే. మనవాళ్ళలోనూ ఉన్నారు, దాచటం దేనికి?

తెలంగాణ వచ్చాక 2015 జనవరి నుండి మనిషికి 6 కిలోలు, ఇంటికి ఇంతే అనే పరిమితి లేకుండా ఇచ్చినారు. మంచి పని. కాని వచ్చేది దొడ్డు బియ్యం. ఇంగ్లండులో 1834 చట్టం పేదలకు సాయాన్ని వర్క్‌హౌసులలోనే, బయట కూలివాని బతుకు కంటే హీనంగా ఉండేటట్టు ఇవ్వాలన్నది, నిజంగా గతిలేనివాడే వస్తాడని. మన దొడ్డు బియ్యం వెనుకా అటువంటి ఆలోచనే ఉందేమో అనిపిస్తుంది నాకు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు వస్తే, సగం వండుకుని సగం అమ్మి మందులకో పిల్లల ఫీజుకో పెట్టుకునే తల్లి ఉంది. రూలు ప్రకారం అది తప్పు. కాని ఆ ఇంటికి చేరిన సాయం ఆ ఇంటికే ఖర్చయింది కదా!

అసలు వ్యాపారం ఆ తరువాత మొదలవుతుంది. ఇంటింటా తిరిగి కొనేవాడు పోగు చేసి పెద్ద వ్యాపారికి ఇస్తాడు. అక్కడి నుండి లారీ. మన గోదావరి వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. ఆ దారిలో రేషను బియ్యం పట్టుబడిందనే వార్త పత్రికలలో ఎన్నిసార్లు చదివినామో! రెండవ దారి మిల్లు. సర్కారు వడ్లు తీసుకున్న మిల్లరు క్వింటాలుకు 67 కిలోల బియ్యం తిరిగి ఇవ్వాలి. ఆ వడ్ల బియ్యం బయట మంచి ధరకు అమ్ముకుని, రేషను బియ్యాన్నే కొని పాలిషు పట్టి, అదే బియ్యమని సర్కారు గోదాముకు పంపేవాళ్ళున్నారు. అంటే ఒకే బియ్యానికి సర్కారు రెండుసార్లు డబ్బు కడుతుందన్నమాట.

మరి కత్తెర ఎవరి మీద పడింది? 2014 తరువాత కొన్నేళ్ళలో తెలంగాణలో దాదాపు 19 లక్షల కార్డులు తీసివేసినారు. ఎక్కువ భాగం ఇంటికి వచ్చి చూసి తీసినవి కావు. బండ్ల రిజిస్ట్రేషను, భూమి, కరెంటు లెక్కలన్నీ జోడించిన కంప్యూటరు చెప్పింది, తీసినారు. మనలో పేర్ల సంగతి తెలుసు కదా. సయ్యద్, షేక్, మహమ్మద్ లేని వీధి ఉందా? రిక్షా తొక్కినవాని పేరు ఎవరి కారుకో అతుక్కుంటే ఆ ఇంటికి బియ్యం బంద్. నోటీసు కూడా రాదు.

హైదరాబాదుకు చెందిన ఎస్.క్యు. మసూద్ ఈ సంగతి కోర్టుకు తీసుకుపోయినారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులను ఇంటికి వెళ్ళి విచారించమని ఆజ్ఞ ఇచ్చింది. మొదట రెండు లక్షల పైచిలుకు దరఖాస్తులు చూస్తే 15 వేల పైచిలుకు కుటుంబాలు అర్హులేనని తేలింది. తక్కువే కదా అనేవారుంటారు. ఏళ్ళ తరబడి బియ్యం లేకుండా గడిపిన 15 వేల పొయ్యిలు అవి. ఆ ఏళ్ళ బాకీ ఎవరు తీరుస్తారు?

2025 ఉగాది నుండి రాష్ట్రంలో సన్నబియ్యం ఇస్తున్నారు, అదే సంవత్సరం జూలైలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. తినే బియ్యం ఇస్తే అమ్మేవాళ్ళు తగ్గుతారని సర్కారు ఆశ, నాకూ అదే ఆశ. వంతెన మీద లారీల సంగతి మాత్రం అధికారులు చూడవలసిందే. మన మట్టుకు, కార్డు పోయి తిరిగి రాని ఇల్లు ఏ వీధిలో ఉన్నా పాత కార్డు నకలు, ఆధార్ కాగితాలతో సొసైటీ పెద్దలను కలవండి. దరఖాస్తు రాసిపెట్టడానికి చదువుకున్న పిల్లలు మన దగ్గర ఉన్నారు.