చైతన్యరథం నుంచి చేతిలోని తెర దాకా

హైదరాబాద్ శివారు పుప్పాలగూడలో అపార్టుమెంట్ల గేటు దాటి ప్రచార జీపు లోపలికి రాదు. ప్రచారం మాత్రం ప్రతి గదికీ చేరుతుంది, ఫోన్లో. ఇక్కడ కాపురముండే ఐటీ ఉద్యోగుల్లో చాలామందికి ఓటు ఇప్పటికీ సొంతూళ్ళోనే ఉంది. 2024 మే 13 పోలింగ్‌కు ముందు హైదరాబాద్ నుంచి ఆంధ్ర వైపు వెళ్ళే బస్సులూ రైళ్ళూ కిక్కిరిసిపోయాయి. వాళ్ళలో చాలామంది ఆ ఎన్నికను ఊళ్ళో జరిగిన సభల్లో చూడలేదు. కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ ఛానళ్ళలో, రీల్స్‌లో చూశారు.

ఎన్నిక తెర మీదికి రావడం ఇప్పటి మాట కాదు. అమెరికా ఎన్నికల్లో మతం, వినోదం, మాధ్యమం వేర్వేరు దారుల్లో వచ్చి కలిశాయని చెబుతారు. 1960లో కెన్నెడీ, నిక్సన్ టీవీ చర్చ జరిగింది. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టర్ మోరల్ మెజారిటీ సంస్థ పెట్టాడు. మరుసటి ఏడు సినిమా నటుడు రీగన్ అధ్యక్షుడిగా గెలిచాడు. అక్కడ పాస్టర్ ఒకరు, నటుడు మరొకరు. మన దగ్గర ఈ రెండూ మొదటి నుంచీ ఒక్కచోటే ఉన్నాయి.

అందుకు సాక్ష్యం బుర్రకథ. శైవభక్తిని పాడుకుంటూ తిరిగిన జంగాల కథ దాని పుట్టిల్లు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దాన్ని ఉద్యమానికి తెచ్చుకుంది. షేక్ నాజర్ తంబూరా పట్టి నిలబడితే ఊరు ఊరంతా కదిలొచ్చేది. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, మరో పక్క రాజకీయం చెప్పేవాడు. వర్తమాన రాజకీయానికి వేదిక మీదే చోటు కేటాయించిన కళారూపం అది. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. ఆ విజయం తెలంగాణ సాయుధ పోరాటానిది, దున్నేవాడి ఆకలిది. కానీ ఆ ఆకలికి గొంతునిచ్చింది పాట, బుర్రకథ, ‘మా భూమి’ నాటకం.

ఇక సినిమా. 1967లో నటుడు కొంగర జగ్గయ్య ఒంగోలు నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. అయితే ఆయన నటుడై ఉండి నాయకుడైన మనిషి. తెర మీది రూపమే నాయకత్వమవడం ఎన్టీఆర్‌తో మొదలైంది.

1957లో ‘మాయాబజార్’లో కృష్ణుడు, 1960లో ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో వేంకటేశ్వరుడు, 1963లో ‘లవకుశ’లో రాముడు. తిరుమల దర్శనం చేసుకున్న యాత్రికుల బస్సులు మద్రాసులో ఆయన ఇంటి ముందు కూడా ఆగేవి. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ ప్రకటించాక, పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చి, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా ఊరూరూ తిరిగారు. ఆడవాళ్ళు ఎదురొచ్చి హారతులిచ్చారు. అప్పుడాయన ఒంటి మీద ఖాకీ దుస్తులే ఉన్నాయి, కాషాయం అధికారంలోకి వచ్చాక వచ్చింది. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే తిండి. తెర మీది దేవుడు దుమ్ములో కూర్చుని ఇడ్లీ తినడం జనానికి కొత్త. ఆ దృశ్యాన్ని తెల్లారేసరికి గడపగడపకూ చేర్చింది ‘ఈనాడు’. 1974లో విశాఖలో మొదలైన ఆ పత్రిక లేకుండా ఆ రథయాత్ర అంత దూరం వినిపించేది కాదు.

దేవుడి వేషం చూసి ఓటేశారన్న మాటతో నేను ఏకీభవించను. ఐదేళ్ళు నిండకముందే నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన ఢిల్లీ పెత్తనం, 1982లో బేగంపేట విమానాశ్రయంలో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం లేకపోతే ‘ఆత్మగౌరవం’ అన్న నినాదం అంత గట్టిగా పలికేది కాదు. వేషం జనాన్ని రోడ్డు మీదికి తెచ్చింది, ఓటు వేయించింది ఆ కోపం. 1983 జనవరి 9న లాల్‌బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసిన ఆ మనిషే 1989లో ఓడిపోయారు. కల్వకుర్తిలో స్వయంగా ఓడారు. కృష్ణుడి రూపం అలాగే ఉంది, ఓటరు మారాడు.

ఎదుటి పక్షం కూడా సినిమానే ఆయుధం చేసుకుంది. 1987లో ‘మండలాధీశుడు’లో కోట శ్రీనివాసరావు ఎన్టీఆర్‌ను పోలిన పాత్ర వేశారు. 1989లో వచ్చిన వ్యంగ్య చిత్రానికి ‘గండిపేట రహస్యం’ అని పేరే పెట్టారు. తెలుగుదేశం మహానాడులు జరిగిన ఆ గండిపేట పేరుతోనే ఇప్పుడు పుప్పాలగూడ ఉన్న మండలం ఉంది. 2019 ఎన్నికల ముందు ‘యాత్ర’, ‘ఎన్టీఆర్ కథానాయకుడు’, ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ వరుసకట్టడం ఆ పాత ఆనవాయితీకి కొనసాగింపు.

నడక మరో దారి. 2003 ఏప్రిల్‌లో వైఎస్ పాదయాత్ర చేవెళ్ల నుంచి బయలుదేరింది. పుప్పాలగూడ ఓటర్లు ఇప్పుడు ఆ చేవెళ్ల లోక్‌సభ స్థానంలోనే ఉన్నారు. జగన్ 2017 నవంబరు నుంచి 2019 జనవరి దాకా 3,648 కిలోమీటర్లు నడిచారు. మొక్కుకున్నవాళ్ళు కొండకు కాలినడకన వెళ్ళే సీమలో నడకకు ఉన్న పవిత్రత ఏ ప్రసంగానికీ రాదు. ఆయన తల్లి విజయమ్మ చేతిలో బైబిల్‌తో సభలకు వచ్చేవారు. జగన్ వెనక ఎన్నికల వ్యూహకర్త ప్రశాంత్ కిశోర్ ఐ-ప్యాక్ సంస్థ కూడా పనిచేసింది.

తెలంగాణలో దారి పాట, పండుగ. గద్దర్ గొంతు ఎన్నికల కోసం పుట్టింది కాదు, కానీ 2002లో మొదలైన ధూంధాం వేదికలు ఆ గజ్జెల చప్పుడును ఓట్ల రాజకీయం దగ్గరికి తెచ్చాయి. పూల పండుగ బతుకమ్మ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ జెండా అయింది. రాష్ట్రం వచ్చాక కేసీఆర్ 2015 డిసెంబరులో ఎర్రవల్లిలో అయుత చండీయాగం చేశారు. ఎన్నికల ముందు రాజశ్యామల యాగాలు చేశారు. 2014 మార్చి 14న హైటెక్ సిటీలోని హోటల్లో జనసేనను ప్రకటించిన పవన్ కల్యాణ్, 2023 జనవరిలో కొండగట్టు అంజన్న దగ్గర ప్రచార వాహనానికి పూజ చేయించారు. ఆ వాహనం పేరు వారాహి.

మతం పేరుతో ఓటడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అవినీతి చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు 4–3 మెజారిటీతో దీన్ని మరింత విస్తరించి, ఓటరు మతాన్ని కూడా ఇందులో చేర్చింది. కానీ యాగం ఓటడగదు. వాహనం పేరు ఓటడగదు. చట్టం మాట దగ్గర ఆగిపోతుంది, భక్తి దృశ్యంలో ప్రయాణిస్తుంది.

ఇక ఫోన్. 2023 సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టయినప్పుడు ఐటీ ఉద్యోగులు విప్రో సర్కిల్‌లో గుమిగూడారు, రాజమండ్రికి కార్లలో ర్యాలీగా వెళ్ళారు, మెట్రో రైలెక్కి నిరసన తెలిపారు. పిలుపులన్నీ ఫోన్ల ద్వారానే. ఇది ఫోన్ చేసిన మేలు. కీడు మరుసటి ఏడు కనిపించింది. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా ముస్లిం రిజర్వేషన్ల గురించి మాట్లాడిన వీడియోను ఏడాది తర్వాత వక్రీకరించి, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లన్నీ ఎత్తేస్తామన్నట్టు తిప్పారు. కేసులు, అరెస్టులు జరిగాయి. సభలో మాట్లాడిన మాట ఒకటి, ఫోన్లలో తిరిగిన మాట మరొకటి.

నాజర్ కథ చెప్పినప్పుడు, రథం మీద నుంచి ఎన్టీఆర్ మాట్లాడినప్పుడు అయినవాళ్ళూ కానివాళ్ళూ ఒకే మాట విన్నారు. తప్పుంటే మర్నాడే ఎదుటివాడు జవాబిచ్చాడు. ఇప్పుడు మీ గ్రూపులో వచ్చిన వీడియో పక్క ఫ్లాటు వాళ్ళకు తెలియదు, వాళ్ళకు వచ్చింది మీకు తెలియదు. జవాబు చెప్పాల్సిన వాడికి ప్రశ్నే చేరదు. 2013లోనే ఎన్నికల సంఘం సోషల్ మీడియాను ప్రవర్తనా నియమావళి కిందికి తెచ్చినా, మన కుటుంబ గ్రూపుల్లోకి అది రాలేదు, రాకూడదు కూడా. అక్కడ కాపలా మనదే. అందుకే ఈసారి ఏ నాయకుడి వీడియో వచ్చినా ముందుకు పంపేముందు పంపినవాళ్ళను రెండు మాటలు అడగండి: ఇది ఎక్కడ మాట్లాడింది, ఎప్పుడు మాట్లాడింది? జవాబు రాకపోతే అక్కడే ఆపేయండి.