ఇంటికి పెడమొహం పెట్టి ఇంటికి చేరిన ఓడలు

లిస్బన్ నుంచి ఆఫ్రికా ఒడ్డు వెంట కిందికి దిగడం 15వ శతాబ్దపు నావికులకు పెద్ద కష్టమేమీ కాదు. ఈశాన్యపు గాలి వెనకనుంచి తోసేది, సముద్ర ప్రవాహం కూడా అటే లాగేది. కష్టమంతా తిరిగొచ్చేటప్పుడే. అదే గాలి మొహాన కొడుతుంటే కారవెల్ ఓడ కాసేపు ఎడమకీ కాసేపు కుడికీ వంకరగా నడుస్తూ ముందుకు జరగాలి. దాని ముక్కోణపు తెరచాప ఓ పొడవాటి ఏటవాలు కొయ్యకు వేలాడుతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ బరువంతా స్తంభానికి ఇవతలనుంచి అవతలికి మార్చాలి. రాత్రీపగలూ అదే పని. ఈలోపు పీపాల్లో మంచినీళ్ళు అడుగంటుతుంటాయి.

1434లో పోర్చుగీసు నావికుడు జిల్ యానిష్ ఆఫ్రికా ఒడ్డున బోజదోర్ అగ్రం దాటాడు. అక్కడినుంచి ఎంత దక్షిణానికి పోతే తిరుగుదారి అంత గండమైంది. చివరికి పోర్చుగీసు పైలట్లు కనిపెట్టిన ఉపాయం వింటే ఒడ్డున ఉన్నవాడికి మతి పోయినట్టే అనిపిస్తుంది. ఒడ్డును వదిలెయ్యాలి. ఇల్లు ఈశాన్యాన ఉంటే ఓడను వాయవ్యానికి, నేల జాడలేని నడిసముద్రంలోకి తిప్పాలి. అలా అసోర్స్ దీవుల ఎత్తుకు పోయేసరికి గాలి మారుతుంది, పడమటి గాలి అందుకుంటుంది. అప్పుడు లిస్బన్ వైపు తిరిగితే అదే తోసుకొస్తుంది. దీన్ని వాళ్ళు 'వోల్తా దు మార్' అన్నారు. వోల్తా అంటే మలుపు, తిరిగిరావడం కూడా. స్పానిష్‌లో 'వుయెల్తా'కీ ఆ రెండు అర్థాలూ ఉన్నాయి.

నేను సరుకు ఓడల్లో నావిగేటింగ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన విశాఖవాణ్ణి. ఇంజన్ ఉన్న ఓడ మీద, శాటిలైట్ చేతిలో పెట్టుకుని, వాళ్ళు తిరిగిన నీళ్ళలోనే తిరిగాను. ఒడ్డు కనుమరుగవుతున్నా చుక్కాని మార్చని ఆ మనుషుల నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

కొలంబస్ పోర్చుగీసు సముద్రాల్లో పని నేర్చినవాడు. 1493లో అతను వెళ్ళిన దారిన రాకుండా ముందు ఉత్తరానికి ఎక్కి, అసోర్స్ మీదుగా ఇల్లు చేరాడు. వాస్కో డ గామా 1497లో దక్షిణార్ధగోళంలో ఇదే ఎత్తు వేశాడు. ఆఫ్రికాను వదిలి అట్లాంటిక్‌లోకి విల్లులా వంగిపోయి, దాదాపు మూడు నెలలు నేల చూడకుండా నడిచాడు. అంత తెలిసినవాడు హిందూ మహాసముద్రంలో మాత్రం గాలి మాట వినలేదు. తూర్పు ఆఫ్రికా రేవు మలింది నుంచి పైలట్ సాయంతో నైరుతి గాలి మీద మూడు వారాల పైచిలుకులో కాలికట్ చేరినవాడు, తిరిగి వెళ్ళేటప్పుడు ఈశాన్య ఋతుపవనం కోసం ఆగకుండా 1498 అక్టోబరు మొదట్లోనే మన తీరం వదిలాడు. ఆ దాటుకే దాదాపు మూడు నెలలు పట్టింది. చిగుళ్ళు వాచి ముప్పై మంది చనిపోయారు. నడిపే మనుషులు చాలక సావో రఫాయెల్ ఓడను తగలబెట్టేశారు.

పసిఫిక్ ఇంకా మొండిది. అమెరికా నుంచి ఆసియాకు పోవడం తేలికే, వెనక్కి రావడమే ఎవరి తరమూ కాలేదు. 1522లో మాగెల్లన్ దండులోని ట్రినిదాద్ ఓడ ప్రయత్నించి తుఫానుల్లో నలిగి వెనుదిరిగింది. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళదీ అదే గతి. నలభై ఏళ్ళకు పైగా స్పెయిన్ ఇలా మనుషుల్ని పోగొట్టుకుంది. 1565 జూన్ 1న ఫిలిప్పీన్స్‌లోని సెబు దీవినుంచి సాన్ పెద్రో బయల్దేరింది. దారి చెప్పినవాడు ఆంద్రెస్ దె ఉర్దానెతా, పూర్వాశ్రమంలో నావికుడైన సన్యాసి. జపాను ఎత్తుకు ఉత్తరానికి పోయి, పడమటి గాలి పట్టుకుని, కాలిఫోర్నియా తీరం చూసి, అక్టోబరు 8న మెక్సికో రేవు అకపుల్కోలో దిగారు. లంగరు వెయ్యడానికి ఓపిక మిగిలినవాళ్ళు కొద్దిమందే. స్పానిష్ వాళ్ళు దీన్ని 'తోర్నావియాహె', తిరుగు ప్రయాణం, అన్నారు. మనీలా గాలియన్ ఓడలు 1815 దాకా, 250 ఏళ్ళు, ఆ దారినే తిరిగాయి. పట్టూ పింగాణీతో పాటు మన కోరమాండల్ తీరపు నూలు బట్టలు కూడా మద్రాసునుంచి మనీలా చేరి, వాటిలోనే మెక్సికో వెళ్ళాయి.

అయితే ఉర్దానెతా కంటే రెండు నెలల ముందే, 1565 ఆగస్టులో, అతను ఫిలిప్పీన్స్ వచ్చిన దండునుంచే విడిపోయిన సాన్ లూకాస్ అనే చిన్న ఓడ మెక్సికో చేరింది. దాని పైలట్ లోపె మార్తిన్. పోర్చుగల్‌లోని లాగోస్ రేవువాడు, ఆఫ్రికన్ రక్తం కలిసిన పోర్చుగీసు. కావాలనే దండును వదిలిపోయాడని అతని మీద నేరం మోపారు. మరుసటి ఏడు సాన్ హెరోనిమో ఓడకు పైలట్‌గా మళ్ళీ ఫిలిప్పీన్స్‌కే పంపారు, అక్కడికి చేరగానే శిక్షించమన్న ఆజ్ఞతో సహా. ఓడలో తిరుగుబాటు లేచింది, కెప్టెన్ని చంపేశారు. చివరికి లోపె మార్తిన్‌నీ అతని మనుషుల్నీ మార్షల్ దీవుల్లో ఒక పగడపు దిబ్బ మీద వదిలేసి ఓడ సాగిపోయింది. పసిఫిక్‌ను మొదట వెనక్కి దాటించిన మనిషికి దక్కిన మర్యాద ఇదీ.

ఇంగ్లీషువాళ్ళు ఈ తిరుగుడుకు కాక, ఓడల్ని ముందు దూరం తోసుకెళ్ళే గాలికి పేరు పెట్టారు. ట్రేడ్ విండ్‌లోని ట్రేడ్‌కు పాత అర్థం బాట, ఒకే తోవ. ఆ సంగతి మరుగునపడి మన పాఠ్యపుస్తకాల్లో అది 'వ్యాపార పవనాలు' అయింది. స్పానిష్, పోర్చుగీసుల్లో ఆ గాలులు 'అలీసియోస్', వాటికి బేరసారాలతో పనిలేదు.

మేం వాడిన అమెరికా పైలట్ చార్టులో ప్రతి నెలకూ ఒక పటం. సముద్రమంతా గడులు, ప్రతి గడిలో ఒక సున్నా, దాన్నుంచి బాణాలు. బాణం పొడవు ఆ దిక్కునుంచి గాలి ఎంత తరచుగా వీస్తుందో చెబుతుంది, తోక ఈకలు దాని జోరు చెబుతాయి. 19వ శతాబ్దంలో ఓడల లాగుబుక్కులు పోగుచేసి ఈ లెక్క తీసిన మాథ్యూ మౌరీ పేరు ఆ పటాల మీద అచ్చవుతుంది, అది న్యాయమే. మౌరీకి దాదాపు మూడు వందల ఏళ్ళ ముందు ఆ బాణాలను తెరచాపతో వెతుక్కున్నవాడు లోపె మార్తిన్. వ్యాపార పవనాల పాఠం చెప్పే మాస్టార్లు బోర్డు మీద ఆ పేరు కూడా రాయాలని నా కోరిక.