మోకాటి కీలు మార్పిడి: వైద్యుని సలహాల వెనుకనున్న చరిత్ర

చోడవరమునకు చేరువనున్న బుచ్చయ్యపేట పరిసరములలో వరి, చెరకు ముఖ్యమైన పంటలు. ఊడ్పు, కలుపుతీత, చెరకు నరకుట, బెల్లపు పొయ్యి ఎగదోయుట, ఇవన్నియు వంగియో గొంతుకూర్చొనియో చేయవలసిన పనులే. అరువది ఏండ్లు పైబడినవారు మోకాళ్ళు పట్టుకొని లేచుచుండిన "వాతము" అని సరిపెట్టుకొనుట అచట మొన్నటి వరకు వాడుక. ఇప్పుడు అట్టివారిలో కొందరు విశాఖపట్టణమునకు పోయి "మోకాలిచిప్ప మార్పించుకొని" వచ్చుచున్నారు. నిజమునకు మార్చునది చిప్ప కాదు. తొడయెముక కొనకు లోహపు తొడుగును, కాలియెముక తలకు లోహపు పలకను, ఆ రెంటి నడుమ పాలిథిలీన్ బిళ్ళను అమర్చుదురు. చిప్ప వెనుక భాగమునకు అవసరమైనచో మాత్రమే చిన్న బిళ్ళ నతికింతురు.

ఈ శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు పండ్లు చూపించుకొమ్మనును, మధుమేహము నదుపులో నుంచుకొమ్మనును, చుట్ట మానుమనును, తొడకండరమునకు వ్యాయామము చెప్పును. కోత అయిన మరునాడే, ఒక్కొక్కప్పుడు ఆ సాయంత్రమే, లేచి నిలువుమనును. మోకాటి క్రింద తలగడ వద్దనును. ఇవన్నియు చాదస్తములుగ తోచవచ్చును. కాని ఈ మాటలలో చాల వాటి వెనుక ఒక వైఫల్యమో, దానినుండి నేర్చిన ఒక పాఠమో కలదు.

దంతముతో చేసిన కీలు

1890లో బెర్లిను నగరమందు తెమిస్టోక్లెస్ గ్లుక్ అను శస్త్రవైద్యుడు ఏనుగుదంతముతో తలుపుబందు వంటి మోకాటి కీలును చేయించి రోగికి అమర్చెను. దానిని ఎముకలో నిలుపుటకు రాళ మొదలగు వానితో చేసిన ముద్దను వాడెను. ఆ కాలమున కీళ్ళను చెఱచు రోగములలో క్షయ ముఖ్యమైనది. గ్లుక్ చికిత్స చేసినవారు అట్టి క్షయరోగులే. తొలివారములలో ఫలితము ఆశ్చర్యకరముగ నుండెను. కాని లోపల దాగిన క్షయక్రిములు విజృంభించి చీము పట్టెను. అమర్చిన కీళ్ళను తీసివేయవలసి వచ్చెను. క్రిములున్న కీలునకు ఈ పద్ధతి తగదని గ్లుక్ తానే గ్రహించెను.

ఆనాటి యూహలో తప్పు లేదు, ఆనాటి పరిస్థితులే అనుకూలింపలేదు. ఎముకకు, మాంసమునకు రక్తప్రసారము కలదు. దాని వెంట రక్షకకణములు, మందులు చేరగలవు. దంతమునకు గాని లోహమునకు గాని రక్తనాళములు లేవు. అట్టి తలముపై బాక్టీరియా ఒక పొరగ పేరుకొనినచో నేటి ఆంటిబయాటిక్కులు కూడ వానిని నిర్మూలించుట కష్టము. పుచ్చిన పంటినుండి, మూత్రమార్గపు రోగమునుండి, కాలి పుండునుండి క్రిములు రక్తములో ప్రయాణించి కొత్త కీలును చేరవచ్చును. "పండ్లు చూపించుకొమ్ము" అను మాటకు మూలమిదియే.

బందు ఎందుకు వదులాయెను?

1951లో స్వీడను దేశీయుడగు వాల్డియస్ ఆక్రిలిక్ ప్లాస్టిక్కుతో బందుకీలును చేసి అమర్చెను. తరువాత దానినే కోబాల్టు-క్రోమియం మిశ్రమలోహముతో చేసిరి. 1954లో ఇంగ్లండులో షయర్స్ వేరొక లోహపు బందును వెలువరించెను. నొప్పి తగ్గెను, రోగులు నడచిరి. కాని కొన్ని యేండ్లకు ఆ బందులు ఎముకలో వదులు కాజొచ్చెను.

కారణము భౌతికశాస్త్రములో నున్నది. తలుపుబందు ఒక్క ఇరుసుపై మాత్రమే తిరుగును. మోకాలు అట్లు కాదు. 1836లోనే వేబర్ సోదరులు జర్మనీలో నడకను పరిశీలించి, మోకాలు మడచునపుడు తొడయెముక కాలియెముకపై కొంత దొరలును, కొంత జారును అని తెలిపిరి. బురదలో దిగబడిన బండిచక్రము తిరుగుచునే జారుటను మనము చూచుచుందుము. మోకాటిలో ఆ రెండు చలనములు కలసియుండుటయే గాక కొద్ది మెలి కూడ కలదు. బందు ఆ మెలిని ఒప్పదు. ఒప్పని బలము లోహముపై ఆగదు, అది నాటుకొనిన ఎముకపై పడును. అడుగడుగునకు పడు ఆ తాకిడికి కీలు కదలిపోవును.

సున్నము వంటి సిమెంటు, మగ్గపు పళ్ళచక్రము

తరువాతి మెట్టు మోకాటికై కాక తుంటికై జరిగిన పరిశోధనవలన లభించినది. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ ఆక్రిలిక్ సిమెంటుతో కీలును ఎముకకు బిగించెను. ఇది జిగురు వలె అతికించునది కాదు. గోడరాళ్ళ సందులలోని సున్నము వలె ఖాళీలను నింపి, బరువును సమముగ పంచునది. రాపిడి తగ్గించుటకై ఆయన తొలుత టెఫ్లాన్ గిన్నెలను వాడెను. కొద్ది సంవత్సరములలోనే అవి అరిగి, ఆ పొడి చుట్టునున్న ఎముకను తినివేసెను. దాదాపు 300 మందికి తిరిగి చికిత్స అవసరమాయెను. ఇంతలో నేతయంత్రముల పళ్ళచక్రములకు వాడు అధికాణుభారపు పాలిథిలీన్ ఆయన ప్రయోగశాలకు చేరెను. పరీక్షలో అది టెఫ్లాను కంటె ఎన్నోరెట్లు తక్కువ అరిగెను. 1962 నవంబరులో దానిని తుంటికీలులో అమర్చిరి. శస్త్రచికిత్స గదిలోని గాలిని కూడ వడకట్టవలెనని చార్న్‌లీ పట్టుపట్టెను. ఈ జాగ్రత్తలతో ఆయన రోగులలో చీముపట్టుట నూటికి 7 నుండి 1 కంటె తక్కువకు దిగెను.

ఆయన వద్ద పనిచేసిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో ఈ లోహము, పాలిథిలీన్, సిమెంటులనే మోకాటికి తెచ్చెను. ఆయన బందును విడిచి, ఎముకల తలములను మాత్రమే మార్చి, సహజమైన బంధనములను నిలిపెను. 1974 నాటికి న్యూయార్కులో జాన్ ఇన్‌సాల్, చిత్తరంజన్ రణవత్, పీటర్ వాకర్ తీర్చిన కీలు నేటి కీళ్ళకు మాతృక యైనది. రణవత్ మధ్యప్రదేశమున పుట్టి ఇండోరులో వైద్యవిద్య నభ్యసించినవాడు. ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయికి 2000లో ఒక మోకాటికి, 2001లో రెండవదానికి ముంబయిలో చికిత్స చేసినవాడు ఆయనయే. ఆ వార్తతోనే మన పల్లెలలో అనేకులు ఈ చికిత్స పేరు వినిరి.

తెలుగుదేశమున కీళ్ళ వైద్యమునకు పునాదులు అంతకు ముందే పడినవి. 1923లో విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రి నెలకొన్నది. 1960వ దశకములో నిజాము ధర్మనిధి హైదరాబాదున నెలకొల్పిన ఎముకల ఆసుపత్రియే పెరిగి నేటి నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ యైనది.

సిద్ధపడుట

రక్తములో చక్కెర హెచ్చినచో క్రిములతో పోరాడు కణముల బలము తగ్గును, గాయము ఆలస్యముగ మానును. పొగాకులోని నికోటిన్ సన్నని రక్తనాళములను ముడుచును. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తము మోయు ప్రాణవాయువును తగ్గించును. ఉత్తరాంధ్రలో వృద్ధస్త్రీలు కొందరు చుట్ట వెలిగిన కొనను నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటు కలదు. వారు దానిని "పొగ త్రాగుట"గ తలపక, వైద్యునితో చెప్పకపోవచ్చును. అది తప్పక చెప్పవలసిన విషయము. చికిత్సకు కనీసము నెల ముందు దానిని మానుట మేలు. ఇప్పటికే వాడు మందులను, ముఖ్యముగ రక్తమును పలుచన చేయువానిని, తెలుపవలెను. వానిని తనంతట మానరాదు.

బరువు లెక్క కూడ తెలిసికొనదగినదే. కీలులోనే కొలతపరికరముల నమర్చి చూడగా, సమతలముపై నడచునపుడు మోకాటిపై శరీరభారమునకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లు దిగునపుడు మూడు రెట్లకు మించి బలము పడుచున్నట్లు తేలినది. 60 కిలోల మనిషి అడుగు వేసిన 150 కిలోల భారము పడును. 4 కిలోలు తగ్గినచో ప్రతి అడుగునకు 10 కిలోలు తగ్గినట్లే.

ఇంటిలో జారు పట్టలు, అడ్డువచ్చు సామాను ముందే తీసివేయవలెను. మంచము, కుర్చీ మోకాటియెత్తు కంటె కొంచెము ఎక్కువగ నుండవలెను. మరుగుదొడ్డిలో కూర్చొను పీట, పట్టుకొను కడ్డీ ఏర్పరచవలెను. ఇవి ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత చేయవలసిన పనులు కావు.

కోలుకొనుట

"కోసినారు, కదల్చకుడు" అనుట మన ఇండ్లలో ప్రేమతో చెప్పు మాట. ఒకప్పుడు వైద్యులును అట్లే తలచిరి. 1970వ దశకములో రెండు మూడు వారములు ఆసుపత్రిలో నుండుట సామాన్యము. ఆ విశ్రాంతియే కొందరికి ముప్పు తెచ్చెను. రక్తప్రవాహము మందగించుట, నాళము గాయపడుట, రక్తము గడ్డకట్టు స్వభావము హెచ్చుట, ఈ మూడును నాళములలో గడ్డలకు కారణమని 1856 నాటికే జర్మనీలో విర్కోవ్ బోధించెను. మోకాటి శస్త్రచికిత్స తరువాత ఈ మూడును కూడును. పిక్కలో ఏర్పడిన గడ్డ ఊపిరితిత్తులకు చేరిన ప్రాణాపాయము. పాదములను పైకి క్రిందికి ఆడించుట, త్వరగ నడచుట, గడ్డకట్టకుండ మందు వాడుట ఇందుకే.

1970 నుండి టొరాంటోలో రాబర్ట్ సాల్టర్ కుందేళ్ళపై ప్రయోగములు చేసి, కదలిక గల కీలులో మృదులాస్థి మెరుగుగ మానునని చూపెను. ఆ యూహతో మోకాటిని తానే మడచి చాచు యంత్రములు వచ్చినవి. తరువాతి పరిశీలనలలో, రోగి స్వయముగ చేయు వ్యాయామమునకు మించి ఆ యంత్రమువలన నిలిచెడు లాభము అంతగా లేదని తేలినది. కండరము తన పని తానే చేయవలెను. 1990వ దశకమున డెన్మార్కు వైద్యుడు హెన్రిక్ కెలెట్ నొప్పిని పలుమార్గముల తగ్గించి రోగిని త్వరగ నడిపించు పద్ధతిని వ్యాపింపజేసెను. 1962లో జపాను శాస్త్రజ్ఞులు ఒకామోటో దంపతులు వెలువరించిన ట్రానెక్సామిక్ ఆమ్లము రక్తస్రావమును తగ్గించి దీనికి తోడ్పడుచున్నది.

మోకాటి క్రింద తలగడ హాయి నిచ్చును. కాని కీలు వంగియే బిగిసిపోవును, నడకలో కుంటు మిగులును. కావున మడమ క్రింద చుట్టిన తువాలు నుంచి కాలును చాచవలెను. తొడకండరమును బిగించి అయిదు లెక్కించి వదలవలెను. మోకాలు సుమారు 90 డిగ్రీలు వంగిన గాని కుర్చీనుండి సులువుగ లేవజాలము. చేతికఱ్ఱను చికిత్స జరుగని వైపు చేత పట్టవలెను. మెట్లెక్కునపుడు మంచికాలు, దిగునపుడు చికిత్స జరిగిన కాలు ముందుంచవలెను. చాలమంది ఆరు వారములకు ఇంటిపనులు చేసికొందురు. వాపు పూర్తిగ తగ్గుటకు నెలలు పట్టును, మెరుగుదల ఏడాది వరకు సాగుచుండును.

పథ్యము పేర పప్పు తినిన చీము పట్టునని భయపడువారు కలరు. చీమునకు కారణము క్రిములు, పప్పు కాదు. గాయము మానుటకు మాంసకృత్తులు కావలెను. పప్పు, గ్రుడ్డు, పాలు, చేప మానిపించుట రోగిని బలహీనుని చేయుటయే. పిక్క వాచి నొచ్చినను, ఆయాసము వచ్చినను, కుట్లనుండి రసి కారినను, జ్వరము వదలకున్నను నాటువైద్యమునకు గాక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఎంతకాలము, ఎంతమేరకు?

స్వీడను 1975 నుండి ఇట్టి చికిత్సల నన్నిటిని పట్టికలో నమోదు చేయుచున్నది. పలుదేశముల పట్టికలను కూర్చి 2019లో ప్రకటించిన లెక్క ప్రకారము 100 కీళ్ళలో సుమారు 82 ఇరువదియైదు ఏండ్ల పిమ్మటను పనిచేయుచుండెను. ధర విషయమున 2017 ఆగస్టులో భారత ప్రభుత్వము మోకాటి కీళ్ళకు గరిష్ఠధరలు నిర్ణయించెను. సామాన్యముగ వాడు కోబాల్టు-క్రోమియం కీలునకు నాడు విధించిన హద్దు పన్ను గాక 54,720 రూపాయలు.

అయినను ఇది లోహమే గాని మొలచిన మోకాలు కాదు. లోతుగ గొంతుకూర్చొనినచో పాలిథిలీన్ అంచుపై బలము కేంద్రీకృతమగును. కనుక ఊడ్పుమడికి, పొయ్యి ముందు పనికి తిరిగి పోవచ్చునని ఆశించువారు ముందే వైద్యునితో ఆ మాట నడుగవలెను. నొప్పి మందులకు, వ్యాయామమునకు లొంగుచున్నంతవరకు తొందరపడ నక్కరలేదు. రాత్రి నిద్ర, పగటి నడక రెండును చెడినపుడు భయపడియు ప్రయోజనము లేదు. శస్త్రవైద్యుని పని సుమారు రెండు గంటలలో ముగియును. దానికి ముందు నెలయు, తరువాత మూడు నెలలును రోగి చేతిలోను, ఇంటివారి చేతిలోను ఉన్నవి.