కొసరు వేసే వంతెన

ఉగాదికి రెండ్రోజులుందనగా నానమ్మ నన్ను వెంటబెట్టుకుని పురానాపూల్ వంతెనకి బయలుదేరేది. మాది జియాగూడ, మూసీకి ఉత్తరపు గట్టు. వంతెన మొదట్లో గోనెపట్టాలు పరిచి, వేపపువ్వు కుప్పలు పోసుకుని ఆడవాళ్లు కూర్చునేవారు. పక్కనే పుల్ల మామిడికాయలు, కొత్త చింతపండు, పచ్చడి కలిపేందుకు కొత్త కుండలు. నానమ్మ చూపంతా కొసరు మీదే.

"ఇంకో పిడికెడు ఎయ్యి బిడ్డా, ఏడాదికొక్క పండుగ."

"నాకు సుత ఏడాదికొక్కటే గద పెద్దమ్మా!" అంటూనే ఆమె ఇంకో పిడికెడు వేసేది. ఆ చేదు వాసన ఇంటిదాకా మా వెంటే వచ్చేది.

ఈ వంతెన గురించి ఎవరినడిగినా ముందు ప్రేమకథ చెబుతారు. భాగమతి కోసం వరద మూసీలోకి గుర్రాన్ని దూకించిన యువరాజు మహమ్మద్ కులీ, కొడుకు ప్రాణం కోసం తండ్రి కట్టించిన వంతెన. చిన్నప్పుడు నేనూ నమ్మాను. తర్వాత లెక్క వేసి చూశాను. ఇబ్రహీం కుతుబ్ షా దీన్ని కట్టించింది 1578లో. అప్పటికి ఆ పిల్లవాడికి పన్నెండో పదమూడో ఏళ్లు. చార్మినార్ చుట్టూ నగరం వెలిసింది మరో 13 ఏళ్లకు, 1591లో. గోల్కొండ కోట నుంచి కార్వాన్ మీదుగా సరుకుల బండ్లు ఏరు దాటాలి, వానాకాలంలో ఆగకూడదు. వంతెన పుట్టుకకు నాకు తోచే కారణం ఇదే. ఇబ్రహీం మన కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధర కవి 'తపతీసంవరణోపాఖ్యానం' అంకితం పొందినవాడు. తెలుగు పద్యం చెవికెక్కిన ఆ రాజు బేరసారాల విలువ కూడా ఎరిగినవాడనే నేను అనుకుంటాను.

పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను చూసి, పారిస్‌లోని పోంనెఫ్‌కు అందంలో ఏమంత తీసిపోదని రాశాడు. ఆ పోంనెఫ్‌కు పునాది పడిందీ 1578లోనే! పోంనెఫ్ అంటే కొత్త వంతెన. పారిస్‌లో ఇప్పుడు నిలిచి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతదైనా దాన్ని కొత్తదనే పిలుస్తున్నారు. మనది మాత్రం, దిగువన అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్ వచ్చాక, పురానా అయి కూర్చుంది.

టావెర్నియే రాతల్లో నాకు పోలికకన్నా ఎక్కువ నచ్చేది రాకపోకల సంగతి. ఏటికి అవతలి పేటలో ఉండే వర్తకులు, దళారులు, పనివాళ్లు పొద్దున పది పదకొండు గంటల వేళ ఊళ్లోకి వచ్చి, సాయంత్రం నాలుగైదింటికి ఇళ్లకు మళ్లేవారట. దూరం నుంచి తోలుతిత్తుల్లో కల్లు నింపి, గుర్రానికి అటొకటి ఇటొకటి వేలాడదీసి పరుగున తెచ్చేవారట. అలా రోజూ 500, 600 గుర్రాలు ఊళ్లోకి వచ్చేవని లెక్క రాశాడు. ఎండలు ముదిరే చైత్రంలో ఆ గిట్టల చప్పుడు, ఆ పులుపు వాసన ఎలా ఉండి ఉంటాయోనని వంతెన మీద నిలబడ్డప్పుడల్లా అనుకుంటాను. ప్రేమకథలోని యువరాజు కూడా పెద్దయ్యాక దక్కనీలో బసంత్ మీద, అంటే మన వసంతం మీద, ఎన్నో కవితలు రాశాడు. అతని ప్రేమకు వంతెన అక్కర్లేకపోయినా వసంతానికి ఈ ఊరు కావాల్సివచ్చింది.

మా వసంతం హోలీతో మొదలయ్యేది. నానమ్మ మోదుగపూలను రాత్రే మరిగే నీళ్లలో వేసి మూతపెట్టేది. తెల్లారేసరికి కాషాయం దిగేది. పిల్లల మెళ్లో చక్కెర పేర్లు. సాయంత్రానికి దండలో దారమే మిగిలేది. ధూల్‌పేట వీధులు మాకన్నా ముందే రంగెక్కేవి. బుందేల్‌ఖండ్ వైపు నుంచి తాతముత్తాతలు వచ్చిన లోధీల పేట అది. సంక్రాంతికి పతంగులు, ఆపైన గణపతి విగ్రహాలు వాళ్ల చేతుల్లోనే తయారవుతాయి. గురువారమైతే జుమ్మేరాత్ బజార్. ఆగిపోయిన గడియారాలు, ఒంటి తలుపురెక్కలు, మూతల్లేని ఇత్తడి చెంబులు. కొనేదేమీ లేకున్నా ధరలడుగుతూ తిరగడం మా నాన్నకు వారంవారం సినిమా.

పిల్లలకు ఇంకో ఆట ఉండేది. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు గట్టు మీంచి కమానులు లెక్కపెట్టడం. పుస్తకాల్లో 22 అని ఉంటుంది. మాకెన్నడూ ఇద్దరి లెక్క కలవలేదు. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదలో అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోతే, రెండు గట్లనూ కలిపి ఉంచినవి ఈ కమానులే.

పక్కన కొత్త వంతెన వచ్చాక బండ్లు అటు మళ్లాయి. ఒకప్పుడు మొదట్లో కూర్చున్న బేరాలు ఇప్పుడు పాతదాని నడిమిదాకా పాకాయి. సుమారు 600 అడుగుల పొడవునా కొత్తిమీర, టమాటా, చింతచిగురు. కూరగాయలవాళ్లను లేపేస్తేనే కట్టడం బాగుపడుతుందనేవారున్నారు. రాళ్లు కడగాలి, పగుళ్లు పూడ్చాలి, చెత్త ఎత్తాలి, నిజమే. తక్కెడలను మాత్రం పంపొద్దు. సరుకు దాటడానికి కట్టిన వంతెన మీద సరుకు లేకపోతే, మనం కాపాడేది దేన్ని?

మొన్న ఉగాది ముందురోజు మనవరాలిని తీసుకెళ్లాను. పురానాపూల్ దర్వాజా వైపు కొసన ఒకామె వేపపువ్వు అమ్ముతోంది. ధర నేను అడిగాను. పొట్లం కట్టబోతుంటే ఆ పిల్ల దోసిలి చాపి, ఎవరూ నేర్పకుండానే, "ఇంకొంచెం వెయ్యి పెద్దమ్మా" అంది.